పక్కింటివారు వదిలి వెళ్ళిన డిష్, బాక్సు: ఏది వాడుకోవచ్చు, ఏది వాడుకోకూడదు

హోసూరులో మా వీధి చివరి ఇంట్లో ఒక పెద్దమ్మ ఉంటారు. వయసు ఎనభైకి దగ్గర. తమిళం అర్థమవుతుంది, కన్నడం నాలుగు మాటలు వస్తాయి, కానీ కూర్చుని వినాలంటే ఆమెకు తెలుగే కావాలి. పొద్దున భక్తి కార్యక్రమం, సాయంత్రం ఒక సీరియలు, రాత్రి వార్తలు. మోకాళ్ళ నొప్పులతో గుడికి పోవడం మానేశాక ఆమెకు రోజులో ఎక్కువసేపు తెలుగు వినిపించేది ఆ టీవీయే. కొడుకు, కోడలు పొద్దున ఫ్యాక్టరీ బస్సెక్కితే రాత్రికి గానీ రారు. మనవళ్ళు బడి నుంచి తమిళంలోనో ఇంగ్లీషులోనో మాట్లాడుకుంటూ వస్తారు.

ఆ పక్క వాటాలో చిత్తూరు వైపు నుంచి వచ్చిన ఒక కుటుంబం అద్దెకుండేది. బదిలీ మీద పూణె వెళ్తూ, "డిష్, బాక్సు మీరే పెట్టుకోండి పెద్దమ్మా, మాకు అక్కడ కంపెనీ క్వార్టర్స్‌లో అన్నీ ఉన్నాయి" అని ఇచ్చి వెళ్ళారు. మంచి మనసుతో ఇచ్చిందే. పెద్దమ్మ కొడుకు వచ్చి, "మామా, దీన్ని మేం వాడుకోవచ్చునా?" అని నన్ను అడిగాడు. సంఘం కార్యదర్శిని కదా, ఏదడిగినా తెలిసినట్టు చెప్పడం అలవాటైపోయింది. "భేషుగ్గా వాడుకోండి" అన్నాను.

వాళ్ళు ఆరు నెలలకు సరిపడా ఒకేసారి రీచార్జి చేయించారు. రెండు నెలలు బాగా నడిచింది. మూడో నెల మొదట్లో ఒక రోజు ఉన్నట్టుండి చానళ్ళన్నీ ఆగిపోయాయి. విచారిస్తే సంగతి తేలింది. పూణె వెళ్ళినాయన క్వార్టర్స్ వదిలి వేరే ఇంటికి మారాడు. తన పాత ఖాతా నంబరు మీదే అక్కడ కొత్త బాక్సు పెట్టించుకున్నాడు. పాత బాక్సు ఆ ఖాతాలోంచి తొలగిపోయింది. మనవాళ్ళు కట్టిన డబ్బు ఖాతాలో ఉంది, ఖాతా ఆయన పేరున ఉంది. పాపం ఆయనకు ఆ డబ్బు సంగతే తెలియదు. ఫోన్ చేస్తే నొచ్చుకుని, మిగిలిన నాలుగు నెలల సొమ్ము పంపించాడు. డబ్బు పోలేదు. కానీ పదకొండు రోజులు ఆ ఇంట్లో టీవీ మూగబోయింది. చూడబోయిన నన్ను పెద్దమ్మ ఒకటే అడిగారు: "ఈ పెట్టిలో ఇంక తెలుగు ఉండాదా, లేదా నాయనా?"

ఇందులో ఎవరి తప్పూ లేదు, నాది తప్ప. ముప్పై ఏళ్ళకు పైగా గుమాస్తాగా కాగితాల మధ్య బతికినవాణ్ణి. "ఇది ఎవరి పేరున ఉంది?" అనే మొదటి ప్రశ్న అడగకుండానే సలహా ఇచ్చేశాను. ఆ తర్వాత మెకానిక్‌ల వెంట తిరిగి, నిబంధనలు చదివి, మేడ మీద నిలబడి నేర్చుకున్న సంగతులు మీ ముందు పెడుతున్నాను. హోసూరైనా, బళ్ళారైనా, బరంపురమైనా, షోలాపురమైనా, యానామైనా అద్దెకున్నవారు వదిలి వెళ్ళిన డిష్ ఏదో ఒక మేడ మీద ఉండనే ఉంటుంది.

మనకు డిష్ ఎందుకింత ముఖ్యం

ఈటీవీ 1995 ఆగస్టు 27న మొదలైంది. ఆ రోజుల్లో రాష్ట్రం బయట ఉన్న మనం కేబుల్ ఆయన దయ మీద ఆధారపడేవాళ్ళం. వీధిలో తెలుగిళ్ళు పది ఉంటే ఒక చానలు ఇచ్చేవాడు, రెండే ఉంటే అదీ లేదు. 2003లో డిష్ టీవీ వచ్చింది. 2004 డిసెంబరులో దూరదర్శన్ తన ఉచిత సేవను డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలుపెట్టింది. దాన్నే ఇప్పుడు డీడీ ఫ్రీ డిష్ అంటున్నాం. 2006లో టాటా స్కై (ఇప్పటి టాటా ప్లే), 2007లో సన్ డైరెక్ట్, 2008లో ఎయిర్‌టెల్ వచ్చాయి. అప్పటి నుంచి ఏ రాష్ట్రంలో ఉన్నా మన మేడ మీద ఒక డిష్ ఉంటే చాలు, తెలుగు చానళ్ళు మన ఇంటికి నేరుగా వస్తున్నాయి. ఉపగ్రహానికి రాష్ట్రాల సరిహద్దులు లేవు.

తమిళనాడులో 2006 నాటి చట్టం బడుల్లో తమిళాన్ని తప్పనిసరి చేసింది. ఆ తర్వాత మన పిల్లల్లో తెలుగు అక్షరాలు రాని వాళ్ళు పెరిగారు. చదవలేని పిల్లవాడికి వినడమైనా మిగలాలి. నానమ్మ పక్కన కూర్చుని అరగంట వార్తలు వింటే, ఇంట్లో మనం వాడని మాటలు పది చెవిన పడతాయి. అందుకే ఒక పాత డిష్ పనికొస్తుందా లేదా అన్నది మన ఇళ్ళలో చిన్న విషయమేమీ కాదు.

సామాను రెండు రకాలు

పాత చందాదారు వదిలి వెళ్ళిన సామానును రెండు కుప్పలుగా విడదీయండి.

మొదటి కుప్పలో డిష్, దాని స్టాండు, ముందు చేతికి బిగించిన ఎల్‌ఎన్‌బి, కేబులు ఉంటాయి. ఇవి ఉత్త వస్తువులు. ఎవరి పేరున కొన్నారో వీటికి తెలియదు. ఒక కంపెనీ డిష్ మీద ఆ కంపెనీ బొమ్మ ఉన్నా, తిప్పి బిగిస్తే ఇంకో కంపెనీ ఉపగ్రహాన్ని అంతే బాగా పట్టుకుంటుంది.

రెండో కుప్పలో సెట్‌టాప్ బాక్సు, అందులోని కార్డు ఉంటాయి. ఇవి చూడ్డానికి వస్తువులే గానీ నిజానికి ఒక ఖాతాకు కట్టుబడి ఉంటాయి. బాక్సు నంబరు, కార్డు నంబరు, చందాదారు పేరు, ఆయన ఫోన్ నంబరు, ఈ నాలుగూ కంపెనీ కంప్యూటరులో ఒకచోట ముడిపడి ఉంటాయి. ఆ ముడి మార్చకుండా బాక్సు మనింట్లో పెట్టుకుంటే, ఇంకొకరి పేరున ఉన్న బ్యాంకు పుస్తకంలో మన డబ్బు వేసినట్టే.

సూటిగా చెప్పాలంటే, డిష్ ఎవరిదైనా పరవాలేదు, బాక్సు మాత్రం ఎవరి పేరున ఉందో చూసుకోవాలి. ఒక్క మినహాయింపు ఉంది. కొన్ని అద్దె పథకాల్లో డిష్ కూడా కంపెనీ ఆస్తిగానే ఉంటుంది. పాత బిల్లు చూస్తే, లేదా ఖాతాదారు ఒకసారి కంపెనీకి ఫోన్ చేస్తే ఆ సంగతి తెలుస్తుంది.

డిష్‌లో చూడవలసినవి

ఇళ్ళ మీద ఉండేవి ఎక్కువగా 60 సెంటీమీటర్ల డిష్‌లు. మొదట చూడవలసింది ఆకారం. అంచు మీద ఒక నూలు దారం అడ్డంగా, ఇంకొకటి నిలువుగా లాగి కట్టండి. రెండు దారాలు మధ్యలో ఒకదాన్నొకటి తాకీ తాకనట్టు ఉంటే డిష్ సరిగ్గా ఉంది. మధ్యలో ఎడం కనిపిస్తే వంగినట్టు. దించేటప్పుడు కిందపడి సొట్టపోయిన డిష్‌ను సుత్తితో కొట్టి సరిచేయబోకండి, పాత ఇనుములో వేసేయండి.

రంగు వెలిసినా నష్టం లేదు, తుప్పు మాత్రం చూడాలి. యానాం వంటి సముద్రం దగ్గరి ఊళ్ళలో ఉప్పుగాలికి స్టాండు నట్టులు, బోల్టులు ముందు పోతాయి. అవి కొత్తవి వేయించాలి. బరంపురం వారికి 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుఫాను గుర్తుండే ఉంటుంది. గాలికి ఊడి ఎగిరిన డిష్ కత్తితో సమానం. పిట్టగోడ ఇటుకలకు కాకుండా కాంక్రీటుకు బిగించాలి. కరెంటు తీగలకు దగ్గరగా పెట్టకూడదు. వానలో, ఉరుముల్లో మేడ ఎక్కకూడదు. మా వయసువాళ్ళు అసలే ఎక్కకూడదు. ఆ పని కుర్రవాళ్ళకు అప్పగించి మనం కింద నిలబడి టీవీ చూస్తూ "వచ్చింది, పోయింది" అని చెబితే చాలు.

ఎటు తిప్పాలి

ఉపగ్రహాలు భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఒకేచోట నిలిచినట్టుంటాయి. ఒక్కో సేవ ఒక్కో చోటు నుంచి వస్తుంది. టాటా ప్లే 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీది ఉపగ్రహాల నుంచి, డీ2హెచ్ 88 నుంచి, డీడీ ఫ్రీ డిష్ 93.5 నుంచి (జీశాట్-15), డిష్ టీవీ 95 నుంచి, ఎయిర్‌టెల్ 108.2 నుంచి వస్తాయి. కాబట్టి పాత డిష్‌ను కొత్త సేవకు వాడాలంటే దిశ మార్చాలి.

మన ఊళ్ళలో ఇది ఎలా ఉంటుందో లెక్క చూడండి. హోసూరులో 83 డిగ్రీల ఉపగ్రహం దక్షిణానికి కొంచెం తూర్పుగా, దాదాపు 74 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. 93.5 ఆగ్నేయంగా, సుమారు 66 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. 108.2 తూర్పుకు కాస్త దక్షిణంగా, 52 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. యానాం వారికి 83 దాదాపు నేరుగా దక్షిణమే. బరంపురంలో అదే ఉపగ్రహం దక్షిణానికి రవ్వంత పడమరగా కనిపిస్తుంది, 108.2 ఆగ్నేయంలో ఉంటుంది. షోలాపురంలో 93.5 ఆగ్నేయ మూలనే ఉంటుంది. ఎదురుగా కొబ్బరిచెట్టు, కొత్తగా లేచిన అంతస్తు లేకుండా ఆ దిక్కు ఖాళీగా ఉందా అని ముందు చూసుకోండి. ఒక దిక్కు మూసుకుపోతే ఇంకో దిక్కు సేవను ఎంచుకోవచ్చు.

ఇందులో తికమకపెట్టే సంగతులు మూడున్నాయి.

ఒకటి, ఈ డిష్‌లు కళ్ళకు కనిపించే దానికంటే పైకి చూస్తుంటాయి. ఎల్‌ఎన్‌బి మధ్యలో కాకుండా కింది వైపు ఉండడమే కారణం. 66 డిగ్రీలు అన్నాం కదా అని డిష్ ముఖాన్ని ఆకాశానికి ఎత్తేస్తే సిగ్నలు రాదు. వెనక బిగింపు మీద ఉన్న అంకెల కొలతనే నమ్మండి.

రెండు, దిశతో పాటు ఎల్‌ఎన్‌బిని కూడా దాని బిగింపులో గుండ్రంగా తిప్పాలి. హోసూరులో డిష్‌ను 83 నుంచి 93.5కు మారిస్తే ఎల్‌ఎన్‌బి కూడా 30 డిగ్రీలకు దగ్గరగా తిరగాలి. గడియారంలో ఒక అంకె నుంచి పక్క అంకెకు ఉన్నంత అన్నమాట. చాలామంది డిష్ తిప్పి, ఇది మరిచి, "పాత డిష్ పనికిరాలేదు" అని పారేస్తారు.

మూడు, పక్కపక్క ఉపగ్రహాలు దగ్గరగా ఉంటాయి. 93.5కు, 95కు మధ్య ఒకటిన్నర డిగ్రీలే. మీటరులో సిగ్నలు నిండుగా కనిపించి చానళ్ళు రాకపోతే డిష్ పక్క ఉపగ్రహాన్ని పట్టిందని అర్థం. వేలెడంత జరిపి మళ్ళీ వెతకాలి.

ఒక్కోసారి మనం ఏమీ చేయకపోయినా దిశ మార్చవలసి వస్తుంది. 2010 జులైలో ఇన్శాట్-4బిలో విద్యుత్ లోపం వచ్చినప్పుడు సన్ డైరెక్ట్ తన చానళ్ళను 91.5 డిగ్రీల మీది మీశాట్-3కు మార్చింది. ఎన్నో ఇళ్ళ మీద డిష్‌లు కొద్దిగా జరపవలసి వచ్చింది. చాలాకాలం వాడకుండా పడి ఉన్న డిష్ ఇప్పుడు ఎటు చూస్తోందో దాన్నిబట్టి అది ఏ సేవదో నిర్ణయించకండి.

ఎల్‌ఎన్‌బి, కేబులు

ఎల్‌ఎన్‌బి మూతి మీద తెల్లటి ప్లాస్టిక్ మూత ఉంటుంది. అది పగిలితే లోపలికి నీరు, కందిరీగలు చేరతాయి. మూత పగిలిన ఎల్‌ఎన్‌బిని వాడకండి. అది పెద్ద ఖర్చేమీ కాదు, కొత్తది కొనండి. దాని మీద 9750, 10600 అని రెండు అంకెలుంటే అది ఇక్కడి సేవలకు మామూలుగా వాడే రకం. బాక్సు సెట్టింగులో కూడా అవే అంకెలు ఎంచుకోవాలి.

ఎల్‌ఎన్‌బికి కరెంటు బాక్సు నుంచి కేబులు ద్వారానే పోతుంది. బాక్సు 13 వోల్టులు పంపితే కొన్ని చానళ్ళు, 18 వోల్టులు పంపితే మిగతావి వస్తాయి. అందుకే సగం చానళ్ళు వచ్చి సగం రాకపోతే డిష్‌ను అనుమానించకండి. కేబులు, ఎల్‌ఎన్‌బి, బాక్సు అడాప్టరు, ఈ వరసలో చూడండి. కేబులు విప్పేముందు, బిగించేముందు బాక్సు స్విచ్చి ఆపెయ్యాలి. కేబులు లోపలి రాగి తీగ పైనున్న జల్లెడ తీగలకు తగిలితే బాక్సు పాడయ్యే ప్రమాదం ఉంది.

కేబులు మాత్రం నా మాట విని కొత్తది వేయించండి. ఆర్‌జీ-6 అనే రకం అడగాలి. ఎండకు పగిలిన పైతొడుగు సందులోంచి వాన నీరు దిగి లోపలి తీగలు నల్లబడతాయి. పైకి ఏమీ తెలియదు. పెద్దమ్మ ఇంట్లో మొదట రెండు గంటలు డిష్ తిప్పి తిప్పి విసిగిపోయాక తెలిసింది, తప్పంతా కేబులు మధ్యలో వేసిన అతుకుదని. మధ్యలో అతుకు లేకుండా ఒకే ముక్కగా వేయించి, బాక్సు దగ్గరకు వచ్చే ముందు కేబులును కిందికి ఒక వంపు తిప్పండి. నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది, ఇంట్లోకి రాదు.

బాక్సు సంగతి

ఇక అసలు చిక్కు. ఒక కంపెనీ బాక్సు ఇంకో కంపెనీ చానళ్ళు చూపించదు. ప్రతి కంపెనీ తన చానళ్ళకు తన తాళం వేసి పంపుతుంది, ఆ తాళంచెవి ఆ కంపెనీ బాక్సులో, కార్డులో ఉంటుంది. ఏ బాక్సులోనైనా ఏ కంపెనీ సేవనైనా చూసుకునేలా చేయాలని ట్రాయ్ 2020 ఏప్రిల్‌లో సిఫారసు చేసింది. మన ఇళ్ళలో ఆ సౌకర్యం ఇంకా లేదు. కాబట్టి ఎవరైనా "ఈ బాక్సులో ఏదైనా వస్తుంది, తాళం విప్పి ఇస్తాను" అంటే నమ్మవద్దు. అది దొంగ పని, పైగా నాలుగు రోజుల ముచ్చట.

అదే కంపెనీ సేవ మీకూ కావాలనుకుంటే పాత బాక్సు పనికొస్తుంది. దానికి ముందు ఈ అయిదు ప్రశ్నలు అడగండి.

1. బాక్సు సొంతంగా కొన్నదా, కంపెనీ అద్దెకిచ్చినదా? రెండు పద్ధతులూ ఉన్నాయి. అద్దెదైతే ఇచ్చే హక్కు పాత చందాదారుకే లేదు. ఆయన దాన్ని తిరిగి అప్పగించాలి.

2. ఖాతా మీద బాకీ ఏమైనా ఉందా? పేరు మారితే బాకీ మన నెత్తిన పడకూడదు.

3. ఆయన ఆ ఖాతాను కొత్త ఊరికి తీసుకెళ్తారా? తీసుకెళ్తే ఆ బాక్సుతో మీకు పనిలేదు.

4. పేరు మార్పిడికి కంపెనీ ఏమడుగుతుంది? సాధారణంగా ఇద్దరి గుర్తింపు కాగితాలు, ఇచ్చేవారి అంగీకారం కావాలి. ముఖ్యంగా రిజిస్టరైన ఫోన్ నంబరు మారాలి. ఆ నంబరు ఎవరిదో ఖాతా వారిదే.

5. బాక్సు ఎంత పాతది? మొదట్లో వచ్చిన కొన్ని బాక్సులు ఎంపెగ్-2 పద్ధతివి. ఎంపెగ్-4లో వచ్చే చానళ్ళు వాటిలో రావు.

పేరు మారాకే రీచార్జి చేయండి. ముందు ఒక్క నెలకే చేయండి. పెద్దమ్మ ఇంట్లో మేం చేసినట్టు ఆరు నెలలకు కట్టకండి.

పేరు మారిన వెంటనే ప్యాకేజీ కూడా చూసుకోండి. 2019 ఫిబ్రవరి నుంచి చానళ్ళు ఎంచుకునే హక్కు చందాదారుడిదే. తమిళనాడులో ఉంటే తమిళ ప్యాక్, కర్ణాటకలో ఉంటే కన్నడ ప్యాక్ చూపిస్తారు. "మాకు తెలుగు ప్యాక్ కావాలి" అని అడగాలి. అడిగితే ఇస్తారు. అడగక పాత ఆయన ప్యాక్‌కే డబ్బు కడుతున్న ఇళ్ళు మా వీధిలోనే మూడున్నాయి.

ఒక కాగితం రాసుకోండి

బంధువులైనా, స్నేహితులైనా కాగితం రాసుకోవడంలో నామోషీ లేదు. రేపు మాట రాకుండా ఉండడానికే కాగితం. మా సంఘంలో ఈ నమూనా వాడుతున్నాం. మీరూ చేత్తో రాసుకోవచ్చు:

"........ అను నేను, నా పేరున ఉన్న ........ కంపెనీ ఖాతా నంబరు ........, బాక్సు నంబరు ........, కార్డు నంబరు ........ గల సామానును డిష్, ఎల్‌ఎన్‌బి, కేబులు, రిమోటు, అడాప్టరు సహా ........ గారికి ఉచితముగా / ........ రూపాయలకు ఇచ్చుచున్నాను. ఈ బాక్సు నేను సొంతముగా కొన్నది. ఈ ఖాతాపై నేటి వరకు బాకీ లేదు. ఖాతాను వారి పేరునకు మార్చుటకు నాకు అభ్యంతరము లేదు. ఇకపై ఈ ఖాతాను నేను వాడను. తేదీ, సంతకములు, ఇద్దరు సాక్షులు."

దీనితో పాటు పాత బిల్లు, చివరి రీచార్జి రసీదు ఫోటో తీసి పెట్టుకోండి. కంపెనీతో పేచీ వస్తే ముందు వాళ్ళ వినియోగదారుల విభాగంలో ఫిర్యాదు నంబరు తీసుకోవాలి, తేలకపోతే వాళ్ళ నోడల్ అధికారికి రాయాలి. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915. ఏ మెట్టు ఎక్కినా చేతిలో కాగితం ఉన్నవాడి మాట నిలుస్తుంది.

బాక్సు పనికిరాకపోతే

బాక్సు పేరు మారదని తేలినా, దాని కంపెనీ మూతపడినా డిష్ ఉంది కదా. దాన్ని 93.5కు తిప్పి డీడీ ఫ్రీ డిష్ పెట్టుకోవచ్చు. దీనికి నెల చందా లేదు, పేరు నమోదు లేదు. బజారులో దొరికే ఉచిత చానళ్ళ బాక్సు ఒకటి కొంటే చాలు. ఎంపెగ్-4 పనిచేసే బాక్సే కొనండి, పాత రకంలో కొన్ని చానళ్ళు రావు. కొన్ని కొత్త టీవీల్లో ఉపగ్రహ ట్యూనరు లోపలే ఉంటుంది. అలాంటి టీవీకి డిష్ కేబులు నేరుగా తగిలిస్తే బాక్సు కూడా అక్కర్లేదు.

ఇందులో తెలుగుకు డీడీ సప్తగిరి (ఆంధ్రప్రదేశ్), డీడీ యాదగిరి (తెలంగాణ) ఉన్నాయి. ప్రైవేటు చానళ్ళకు చోటు వేలంలో ఇస్తారు కాబట్టి అవి మారుతుంటాయి. ఫలానా సీరియలే కావాలంటే ఇది చాలదు. కానీ వార్తలు, భక్తి కార్యక్రమాలు, పొలం కబుర్లు, సంగీతం కావాలనుకునే పెద్దలకు ఇది అక్కరకొస్తుంది. నెలనెలా చందా కట్టలేని ఇళ్ళు మనలో ఉన్నాయి. అలాంటి ఇంటికి ఒక పాత డిష్, ఒక ఉచిత బాక్సు ఇస్తే రోజూ తెలుగు వినిపిస్తుంది.

పాత సామాను మీదికి నెట్టకండి

సిగ్నలు పోయినప్పుడల్లా "సెకండ్‌హ్యాండ్ డిష్ కదా" అనుకోకండి. జోరువానలో కొత్త డిష్‌కైనా సిగ్నలు పోతుంది, వాన తగ్గితే వస్తుంది. మార్చి మొదటి సగంలో కొన్ని రోజులు, మళ్ళీ సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో కొన్ని రోజులు సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు. అప్పుడు పగటిపూట కొన్ని నిమిషాలు చానళ్ళు ఆగిపోతాయి. దానంతట అదే సర్దుకుంటుంది. ఆ పది నిమిషాలకు మెకానిక్‌ను పిలిచి డబ్బు ఇవ్వవద్దు.

నిజంగా చెడిపోయిన బాక్సును, అడాప్టరును చెత్తబండిలో వేయకండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం అలాంటివి రిజిస్టరైన రీసైక్లింగు వారికి చేరాలి. అద్దె బాక్సైతే కంపెనీకే తిరిగి ఇచ్చి రసీదు తీసుకోవాలి.

చివరగా

పెద్దమ్మ ఇంటి కథ ఎలా ముగిసిందో చెప్పి సెలవు తీసుకుంటాను. పూణె వారి డిష్‌ను తిప్పి, కొత్త కేబులు వేసి, ముందు ఉచిత బాక్సు పెట్టాం. పన్నెండో రోజు సాయంత్రం సప్తగిరి వచ్చింది. తర్వాతి నెలలో ఆమె కొడుకు తన పేరునే ఒక చందా తీసుకున్నాడు. బాక్సు మాత్రమే కొన్నాడు. దానికి డిష్ మా మేడ మీదిదే. మా పిల్లలు ఇంటర్నెట్ పెట్టించాక అది రెండేళ్ళుగా కాకులు వాలడానికి తప్ప దేనికీ పనికిరాకుండా ఉంది. ఇప్పుడు ఆ ఇంటి మీద రెండు డిష్‌లున్నాయి, రెండూ పాతవే. పూణె ఆయన పాత బాక్సు వాళ్ళ అల్మరాలో ఉంది. దాని మీద నేనే చీటీ అంటించాను, "వాడరాదు, ఖాతా వేరొకరిది" అని.

మీ మేడ మీద కూడా ఒకసారి చూడండి. ఖాళీగా ఉన్న డిష్ కనిపిస్తే మీ ఊరి తెలుగు సంఘానికి చెప్పండి. మా సంఘంలో ఒక పుస్తకం పెట్టాం. ఒక పక్క ఇచ్చేవారి పేర్లు, ఇంకో పక్క కావలసినవారి పేర్లు. ఇచ్చే వరసలో ఇప్పటికి ఏడు పేర్లున్నాయి, కావలసిన వరసలో పదమూడు.